అఫ్గాన్ మహిళల పేరు చెప్పి చేసిన యుద్ధాల్లో వాళ్లకు దక్కిందెంత?

2025 అక్టోబరు 10న ఢిల్లీలోని అఫ్గానిస్థాన్ రాయబార కార్యాలయంలో తాలిబన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ ప్రెస్‌మీట్ పెట్టారు. మహిళా జర్నలిస్టులెవరినీ పిలవలేదు. దేశమంతా గొడవ కావడంతో రెండు రోజుల తర్వాత మళ్లీ ప్రెస్‌మీట్ పెట్టాల్సి వచ్చింది. ఈసారి మహిళా విలేకరులు ముందు వరసలో కూర్చుని, మీ దేశంలో ఆడపిల్లల్ని బడికి ఎందుకు పోనివ్వడం లేదని నిలదీశారు.

ఆ రోజుల్లో మన టీవీ చర్చల్లోనూ సోషల్ మీడియాలోనూ ఒక మాట బాగా వినిపించింది. అమెరికా సైన్యం ఉన్నన్నాళ్లూ అక్కడి ఆడవాళ్లు బాగున్నారు, సైన్యం వెళ్లిపోగానే అంతా పోయింది, అసలు వెళ్లకుండా ఉండాల్సింది అని. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే అఫ్గాన్ మహిళల చరిత్ర 2001లో మొదలు కాలేదు.

1919లో బ్రిటిష్ వాళ్లతో పోరాడి విదేశాంగ వ్యవహారాల మీద తమ దేశానికి స్వేచ్ఛ సాధించిన పాలకుడు అమానుల్లా ఖాన్, ఆయన భార్య సొరాయా కలిసి ఆడపిల్లల చదువు మొదలుపెట్టారు. 1921లో కాబూల్‌లో మొదటి బాలికల పాఠశాల తెరిచారు. దాని బాధ్యత సొరాయా, ఆమె తల్లి చూసుకునేవారు. బాల్య వివాహాలను కట్టడి చేస్తూ చట్టం తెచ్చారు. 1928లో కొంతమంది అమ్మాయిలను చదువు కోసం టర్కీకి పంపారు. అదే ఏడాది తూర్పు ప్రాంతపు తెగలు తిరగబడ్డాయి. పన్నుల మీద, సైన్యంలో నిర్బంధ చేరికల మీద కోపం అప్పటికే ఉంది. ఆడవాళ్ల ముసుగు అందరినీ కలిపే నినాదమైంది. 1929 జనవరిలో అమానుల్లా గద్దె దిగిపోయాడు. బాలికల బడి మూతపడింది. టర్కీ వెళ్లిన అమ్మాయిలను వెనక్కి పిలిపించారు.

తర్వాతి పాలకులు ముప్పై ఏళ్లు ఆచితూచి నడిచారు. 1959 ఆగస్టులో స్వాతంత్ర్య వేడుకల వేదిక మీద రాజ కుటుంబపు స్త్రీలు, మంత్రుల భార్యలు ముసుగు లేకుండా కూర్చున్నారు. ముసుగు తీయాలని ఎవరినీ బలవంతపెట్టలేదు. వేసుకోకపోతే శిక్ష ఉండదని చెప్పారంతే. 1964 రాజ్యాంగం మహిళలకు ఓటు హక్కు ఇచ్చింది. 1965 ఎన్నికల్లో నలుగురు మహిళలు దిగువ సభకు గెలిచారు. కుబ్రా నూర్జాయ్ ఆరోగ్య మంత్రి అయ్యారు. ఇదంతా ఎక్కువగా కాబూల్‌లోనూ కొన్ని పట్టణాల్లోనూ జరిగింది. పల్లెల్లో చాలాచోట్ల బాలికలకు బడే లేదు. అయినా ఈ మార్పు కోసం బయటి దేశపు సైనికుడు ఒక్కడు కూడా ఆ నేల మీద కాలు పెట్టలేదన్నది గుర్తుంచుకోవాలి.

సోవియట్ ట్యాంకులు, అమెరికా ఆయుధాలు

1978 ఏప్రిల్‌లో కమ్యూనిస్టులు కుట్రతో అధికారం పట్టారు. ఆ అక్టోబరులోనే ఏడో నంబరు డిక్రీ (ప్రభుత్వ ఆజ్ఞ) వచ్చింది. పెళ్లికి అమ్మాయికి 16, అబ్బాయికి 18 ఏళ్లు నిండాలి, కన్యాశుల్కం లాంటి చెల్లింపులు ఒక పరిమితి దాటకూడదు. చదివితే ఎవరూ కాదనలేని డిక్రీ. దాన్ని అమలు చేసిన తీరే కొంప ముంచింది. పట్నం నుంచి వచ్చిన పార్టీ కుర్రాళ్లు అక్షరాస్యత తరగతులకు ఊళ్లోని ఆడవాళ్లను పంపి తీరాలని ఒత్తిడి చేశారు. ఎదురుచెప్పిన వాళ్లను జైళ్లలో వేశారు, చంపారు. 1979 మార్చిలో హెరాత్ నగరం తిరుగుబాటుతో భగ్గుమంది. డిసెంబరు ఆఖర్లో సోవియట్ సైన్యం దిగింది.

ఆ తర్వాతి దశాబ్దంలో కాబూల్ అమ్మాయిల జీవితం నిజంగానే మెరుగుపడింది. యూనివర్సిటీలో, ఆస్పత్రుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో వాళ్లు పెద్ద సంఖ్యలో కనిపించేవారు. అదే కాలంలో పల్లెల మీద బాంబులు పడ్డాయి. యాభై లక్షల మందికి పైగా దేశం వదిలి పాకిస్థాన్‌కు, ఇరాన్‌కు పోయారు. సొంత ఊళ్లో పొలం పనులు చేసుకుంటూ, చుట్టాలిళ్ల మధ్య తిరిగిన ఆడవాళ్లు పెషావర్ శిబిరాల్లో ముక్కూముఖం తెలియని జనం మధ్య గుడారాలకే పరిమితమయ్యారు. ఊళ్లో లేనంత పరదా శిబిరంలో వచ్చిపడింది.

రెండో వైపు సోవియట్ సైన్యంతో పోరాడుతున్న ముజాహిదీన్ గ్రూపులకు అమెరికా, సౌదీ అరేబియా డబ్బూ ఆయుధాలూ పంపాయి, పాకిస్థాన్ ఐఎస్ఐ వాటిని పంచింది. అందరికంటే ఎక్కువ వాటా పోయింది గుల్బుద్దీన్ హెక్మత్యార్ లాంటి కరడుగట్టిన నాయకుల పార్టీలకు. బయటి నుంచి ఆయుధాలు పోయడం కూడా సైనిక జోక్యమే. వీళ్లు గెలిస్తే ఆడవాళ్ల గతి ఏమిటని అప్పుడు వాషింగ్టన్‌లో ఎవరికీ పట్టలేదు. ఆ ప్రశ్న అడిగిన అఫ్గాన్ మహిళలు మాత్రం ఉన్నారు. 1977లో మీనా అనే యువతి స్థాపించిన అఫ్గాన్ విప్లవ మహిళా సంఘం (రావా) ఇటు సోవియట్ ఆక్రమణనూ అటు మతఛాందసులనూ ఎదిరించింది. మీనాను 1987లో పాకిస్థాన్‌లోని క్వెట్టాలో హత్య చేశారు.

1992లో ముజాహిదీన్ గ్రూపులు కాబూల్‌లోకి వచ్చి ఒకరి మీద ఒకరు రాకెట్లు పేల్చుకున్నాయి. అత్యాచారాలు, అపహరణలు ఎంత దారుణంగా జరిగాయో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 1995లో నమోదు చేసింది. ఆ అరాచకంతో విసిగిపోయిన కొన్ని ప్రాంతాల జనం తాలిబన్లు రాగానే ఊపిరి పీల్చుకున్నారంటే, అంతకుముందు ఏం అనుభవించారో ఊహించుకోవచ్చు. 1996 సెప్టెంబరు 27న కాబూల్ తాలిబన్ల చేతికి వచ్చింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు రావద్దన్నారు, అమ్మాయిల బడులు మూసేశారు. నగరంలో టీచర్లు ఎక్కువ మంది మహిళలే కావడంతో మగపిల్లల చదువు కూడా దెబ్బతింది. అప్పుడు సకీనా యాకూబీ నడిపిన సంస్థ లాంటివి ఇళ్లలో రహస్యంగా బడులు పెట్టించాయి. హెరాత్‌లో కుట్టు శిక్షణ పేరుతో ఆడవాళ్లు సాహిత్యం చదువుకున్నారు.

2001 తర్వాత

2001 అక్టోబరు 7న అమెరికా బాంబులు వేయడం మొదలుపెట్టింది. కారణం సెప్టెంబరు 11 దాడులు. నవంబరు 17న అధ్యక్షుడి వారాంతపు రేడియో ప్రసంగాన్ని ఆయన భార్య లారా బుష్ చేశారు. ఉగ్రవాదంపై పోరు మహిళల హక్కుల కోసం, గౌరవం కోసం పోరు కూడా అని ఆమె చెప్పారు. కొద్ది రోజుల్లోనే బ్రిటన్ ప్రధాని భార్య షెరీ బ్లెయిర్ ఇదే పాట అందుకున్నారు. మహిళల దుస్థితి చూపించి పరాయి దేశంలో తమ పెత్తనాన్ని సమర్థించుకోవడం అప్పటికే పాత పద్ధతి. ఈజిప్టును ఏలిన బ్రిటిష్ అధికారి లార్డ్ క్రోమర్ అక్కడి స్త్రీల అణచివేత గురించి తెగ బాధపడేవాడు. ఇంటికెళ్లాక ఇంగ్లండులో మహిళలకు ఓటు హక్కు ఇవ్వొద్దనే మగవాళ్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

తాలిబన్లు పోవడం అఫ్గాన్ మహిళల్లో చాలామందికి నిజమైన విముక్తే. దాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. బడులు తెరుచుకున్నాయి, లక్షల మంది అమ్మాయిలు వెళ్లారు. 2004 రాజ్యాంగం స్త్రీపురుషులు చట్టం ముందు సమానమని రాసుకుంది. దిగువ సభలోని 249 సీట్లలో 68 మహిళలకు కేటాయించింది. ఒక తరం డాక్టర్లు, జడ్జీలు, విలేకరులు తయారయ్యారు.

అయితే ఏ పని నిజంగా ఆడవాళ్ల ప్రాణాలు కాపాడిందో దగ్గరగా చూస్తే అక్కడ సైనికులు కనిపించరు. 2002లో బదఖ్షాన్ కొండల్లోని రాగ్ జిల్లాలో పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి కాన్పు మరణాల లెక్క తీశారు. లక్ష కాన్పులకు 6,500 మంది తల్లులు చనిపోతున్నారని తేలింది. ప్రపంచంలో ఎక్కడా అంత పెద్ద అంకె అంతకుముందు నమోదు కాలేదు. ఆస్పత్రికి చేరాలంటే గాడిదల మీద రోజుల ప్రయాణం. చేరినా మగ డాక్టరు చెయ్యి వేయడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. అప్పుడు దేశం మొత్తమ్మీద శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు ఐదు వందల లోపే.

దీనికి అఫ్గాన్ ఆరోగ్య శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక దారి కనిపెట్టాయి. ఊరివాళ్లే తమ ఊరి అమ్మాయిని ఎంపిక చేస్తారు. ఆమె జిల్లా కేంద్రంలోనో పట్నంలోనో హాస్టల్లో ఉండి ఏడాదిన్నర, తర్వాతి కాలంలో రెండేళ్లు, కాన్పులు చేయడం నేర్చుకుంటుంది. చంటిపిల్ల ఉంటే వెంట తెచ్చుకోవచ్చు. చదువయ్యాక తిరిగి తన ఊరికే వచ్చి పని చేస్తుంది. అమ్మాయిల్ని బడికి పంపడానికి ఒప్పుకోని పెద్దమనుషులు కూడా దీనికి ఒప్పుకున్నారు. తమ కూతుళ్లు, కోడళ్లు పురుట్లో పోవడం వాళ్ల కళ్లముందు జరిగింది మరి. పదేళ్లు గడిచేసరికి మిడ్‌వైఫ్‌లు వేల సంఖ్యకు పెరిగారు. 2002లో దేశవ్యాప్తంగా లక్షకు 1,600గా అంచనా వేసిన కాన్పు మరణాలు 2020 నాటికి 620 దాకా తగ్గాయని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. లెక్కగట్టే పద్ధతులు మారాయి కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం పూర్తిగా సరికాదు. తగ్గిన మాట మాత్రం వాస్తవం. తాలిబన్ల అధీనంలో ఉన్న పల్లెల్లో కూడా స్థానికంగా మాట్లాడుకుని ఈ క్లినిక్‌లు నడిపారు.

డబ్బు బయటి దేశాలదే. యుద్ధం వల్లే ఆ దేశాల దృష్టి అటు మళ్లింది, అది కాదనలేం. కానీ సైన్యం దగ్గరికి వచ్చిన కొద్దీ ఈ పనికి మేలు కంటే చేటే ఎక్కువ జరిగింది. 2004లో బద్గీస్‌లో తమ ఐదుగురు సిబ్బందిని కాల్చి చంపాక డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ దేశం వదిలి వెళ్లింది. విదేశీ సైన్యం సహాయ కార్యక్రమాలను తన యుద్ధంలో కలిపేసుకుని అందరినీ ప్రమాదంలో పడేసిందని ఆ సంస్థ అప్పుడే చెప్పింది.

ఖతాబా

పల్లెల్లో యుద్ధం ఆడవాళ్లకు ఎలా చేరిందో చెప్పడానికి ఒక్క ఇల్లు చాలు. 2010 ఫిబ్రవరి 12, గర్దేజ్ దగ్గర ఖతాబా గ్రామం. ఒక ఇంట్లో పసిబిడ్డకు పేరు పెట్టే వేడుక జరుగుతోంది. చుట్టాలంతా వచ్చారు. తెల్లవారకముందే అమెరికా ప్రత్యేక దళాలు ఇంటిని చుట్టుముట్టి కాల్పులు జరిపాయి. ఐదుగురు చనిపోయారు. ఒకరు ఆ ఇంటివాడే, అమెరికన్ల దగ్గరే శిక్షణ పొందిన పోలీసు అధికారి. ముగ్గురు ఆడవాళ్లు. వాళ్లలో ఇద్దరు గర్భిణులు, ఒకరు పెళ్లి కుదిరిన అమ్మాయి. దాడికి ముందే ఆ ముగ్గురినీ ఎవరో కట్టేసి చంపారని, తాము వెళ్లేసరికి శవాలే కనిపించాయని నాటో ప్రకటించింది. అంటే కుటుంబమే పరువు కోసం చంపిందన్న అర్థం వచ్చేలా. విలేకరులు ఊరికి వెళ్లి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఏప్రిల్‌లో నాటో తప్పు ఒప్పుకుంది. ఒక అమెరికన్ అడ్మిరల్ ఆ ఇంటికి గొర్రెలు తీసుకెళ్లి క్షమాపణ అడిగారు.

అంతకు ఏడాదిన్నర ముందు, 2008 జులైలో నంగర్‌హార్‌లో పెళ్లివారి మీద విమానాలు బాంబులు వేశాయి. అఫ్గాన్ ప్రభుత్వ విచారణ ప్రకారం 47 మంది పౌరులు చనిపోయారు. వారిలో 39 మంది ఆడవాళ్లు, పిల్లలు. పెళ్లికూతురు కూడా పోయింది. తాలిబన్ల బాంబులు చంపిన పౌరుల సంఖ్య ఇంకా ఎక్కువే, ఐక్యరాజ్యసమితి ఏటా ఇచ్చిన లెక్కల్లో అది స్పష్టంగా ఉంది. ఈ ఇద్దరి మధ్య పల్లెటూరి ఆడవాళ్లు అడకత్తెరలో పోకచెక్కల్లా నలిగిపోయారు. వాళ్లకు మహిళా హక్కుల మాట, అర్ధరాత్రి తలుపు పగలగొట్టిన మనుషులు కలిసే వచ్చారు.

కాబూల్‌లో రాజకీయం కూడా అలాగే సాగింది. 1992 నాటి విధ్వంసానికి కారణమైన కమాండర్లే అమెరికాకు మిత్రులుగా తిరిగొచ్చి పదవులు పొందారు. 2003లో రాజ్యాంగ సభలో మలాలై జోయా అనే యువ ప్రతినిధి లేచి, ఈ నేరస్థులకు ఇక్కడేం పని అని అడిగితే ఆమె మైకు కట్ చేశారు. 2005లో ఫరా రాష్ట్ర ప్రజలు ఆమెను ఎంపీగా గెలిపించారు. 2007లో సభ ఆమెను సస్పెండ్ చేసింది. తాత్కాలిక ప్రభుత్వంలో మహిళా వ్యవహారాల మంత్రిగా ఉన్న సీమా సమర్ 2002లోనే బెదిరింపుల వల్ల పదవి వదులుకోవాల్సి వచ్చింది. 2009లో మహిళలపై హింస నిరోధక చట్టం అధ్యక్షుడి డిక్రీగా వచ్చింది. 2013లో పార్లమెంటు ముందుకు వెళితే ఛాందస సభ్యులు అడ్డుకున్నారు, పావుగంటలోనే చర్చ ఆగిపోయింది.

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా తన సైన్యాన్ని వెనక్కి తీసుకునే ఒప్పందం మీద తాలిబన్లతో సంతకం చేసింది. అఫ్గాన్ ప్రభుత్వం ఆ గదిలో లేదు. ఆ ఒప్పందంలో మహిళల ఊసే లేదు. పద్దెనిమిదేళ్ల కింద రేడియోలో చెప్పిన లక్ష్యానికి బేరం దగ్గర నీళ్లొదిలేశారు. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. సైన్యాన్ని పంపిన దేశం తన అవసరం కోసం పంపుతుంది, అవసరం తీరాక తీసేస్తుంది. మహిళల హక్కులు ఆ సైన్యం మీద ఆధారపడి ఉంటే, వాటి ఆయుష్షు కూడా ఆ దేశ రాజధానిలోనే నిర్ణయమవుతుంది.

2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తున్నామంటే అమ్మాయిలు యూనిఫాం వేసుకుని వెళ్లారు, గంటల్లోనే వెనక్కి పంపేశారు. ఆ డిసెంబరులో యూనివర్సిటీలు, ఎన్జీఓ ఉద్యోగాలు పోయాయి. 2024 డిసెంబరులో నర్సింగ్, మిడ్‌వైఫ్ కోర్సులు కూడా ఆపేశారు. రాగ్ లాంటి కొండ ఊళ్లకు ఇక కొత్త మిడ్‌వైఫ్ రాదు. అన్నింటిలోకీ నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ నిషేధమే.

ఇప్పుడు అఫ్గాన్ మహిళలు అడుగుతున్నవాటిలో మొదటిది బయటపడే దారి. 2024 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం, అఫ్గాన్ మహిళ అయితే చాలు, ఆశ్రయం ఇవ్వవచ్చని తీర్పు చెప్పింది. 2025 జనవరిలో అమెరికా శరణార్థుల కార్యక్రమాన్నే నిలిపేసింది. మన దేశం 2021 ఆగస్టులో అఫ్గాన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలు రద్దు చేసింది. సెలవులకు ఇంటికి వెళ్లిన అఫ్గాన్ విద్యార్థులు అక్కడే చిక్కుకుపోయారు. హైదరాబాద్ యూనివర్సిటీల్లో అఫ్గాన్ విద్యార్థులు ఏళ్లుగా చదువుతున్నారు కాబట్టి మనకు ఇది దూరపు వార్త కాదు.

రెండోది చట్టం. లింగ వివక్షను ఒక పాలనా పద్ధతిగా నడపడాన్ని అంతర్జాతీయ నేరంగా గుర్తించాలని వాళ్లు పోరాడుతున్నారు. 2025 జులైలో అంతర్జాతీయ నేర న్యాయస్థానం తాలిబన్ అధినేత హైబతుల్లా అఖుంద్‌జాదా, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీం హక్కానీల మీద మహిళలను వేధించిన నేరానికి వారెంట్లు జారీ చేసింది. మానవాళిపై నేరాల గురించి కొత్త ఒప్పందం రాయడానికి ఐక్యరాజ్యసమితి సమావేశాలు 2028, 2029లలో జరగాలని నిర్ణయమైంది. ఆ ముసాయిదాలో ఈ నేరాన్ని చేర్పించడానికి కాబూల్ నుంచి వెళ్లిపోయిన జడ్జీలు, లాయర్లు ఇప్పటి నుంచే ఒక్కో ప్రభుత్వాన్నీ కలుస్తున్నారు.