పరుగు రాని వింగర్

చిరంజీవులకు దీవెనలు.

మీ ఉత్తరాలన్నీ అందాయి. వాటిలో ఆరో తరగతి చదువుతున్నవాడు రాసిన నాలుగు వాక్యాల ఉత్తరం నన్ను పట్టుకొని వదల్లేదు. "తాతయ్యా, నేను పరుగులో వెనకబడతానని మా ఆటల సారు నన్ను ఫుట్‌బాల్‌లో వింగర్‌గా ఆడనివ్వడం లేదు. గోల్ కాపలాకి పొమ్మంటున్నారు. నాకేమో అంచున ఆడటమే ఇష్టం. నెమ్మదిగా పరుగెత్తేవాళ్లు వింగర్లు కాలేరా?" అని వాడి ప్రశ్న. మీ సారుది తప్పని నేననను. మైదానం అంచు గీతను అంటిపెట్టుకొని ఉండి, తన మీదికి వచ్చే బ్యాక్‌ను, అంటే అవతలి జట్టు కాపలా ఆటగాణ్ణి, దాటిపోయి, గోలు ముందున్న తన వాళ్లకు బంతిని అందించడం వింగర్ పని కాబట్టి, కాళ్లలో వేగం ఉన్నవాణ్ణి అక్కడ నిలబెట్టాలని ఏ సారుకైనా తోస్తుంది. అయితే అందరికీ తోచే మాట అన్ని వేళలా నిజం కానక్కరలేదు. అందుకు సాక్ష్యంగా మీకొక స్కాట్లాండ్ ఆటగాడి సంగతి చెబుతాను.

అతని పేరు జాన్ రాబర్ట్‌సన్. గ్లాస్గో నగరానికి దగ్గరలోని ఉడింగ్‌స్టన్‌లో 1953 జనవరి 20న పుట్టాడు. పదిహేడేళ్ల వయసులో ఇంగ్లండుకు వచ్చి నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే క్లబ్బులో చేరాడు. మొదట అతణ్ణి మైదానం నడిమధ్య ఆడించారు. అక్కడ అతను పెద్దగా రాణించలేదు. కాస్త ఒళ్లు చేసినవాడు, నెమ్మదైనవాడు, పైగా సిగరెట్లు మానలేనివాడు కావడంతో, ఇతణ్ణి ఎవరైనా కొనుక్కుపోతే బాగుండునని క్లబ్బువాళ్లే అనుకున్న రోజులవి. (సిగరెట్ల సంగతి నిజం గనుక రాశాను. అతని దగ్గర నేర్చుకోవలసినవి చాలా ఉన్నాయి, ఇదొక్కటీ వదిలెయ్యండి.)

1975 జనవరిలో బ్రయన్ క్లఫ్ ఆ క్లబ్బుకు మేనేజరుగా వచ్చాడు. మరుసటి సంవత్సరం అతని పాత జోడీ పీటర్ టేలర్ కూడా వచ్చి చేరాడు. వాళ్లిద్దరూ ఈ కుర్రవాణ్ణి బాగా చివాట్లు పెట్టారు. పెట్టి ఊరుకోకుండా, "నీలో ఆట ఉంది" అన్న సంగతి కూడా అతనికి తెలిసేలా చేశారు. తిట్టేవాళ్లు లోకంలో కొల్లలుగా దొరుకుతారు. తిడుతూనే మనలో ఉన్నదాన్ని కనిపెట్టేవాళ్లు దొరికితే మాత్రం, పిల్లలూ, వాళ్ల తిట్లు ఓపికగా వినండి. నడిమధ్య నుంచి తీసి అతణ్ణి ఎడమ అంచున నిలబెట్టారు. పరుగు రానివాణ్ణి పరుగే ప్రధానమనుకునే చోట నిలబెట్టడం చూసినవాళ్లకు వింతగానే ఉండి ఉంటుంది. ఆ వింత ఎలా ఫలించిందో చెప్పాలంటే ముందు నేను మీకు మా పెరటి కోడిపెట్ట సంగతి చెప్పాలి.

మా చిన్నతనంలో ఇంటికి చుట్టం వచ్చాడంటే పెరట్లో తిరిగే పెట్టను పట్టుకురమ్మని నన్నూ మా తమ్ముణ్ణీ తరిమేవారు. భయపడి పరుగెత్తే పెట్ట మాకు ఒక లెక్క కాదు. దాన్ని దడి వారగా తరుముకుపోతే ఏ మూలనో ఇరుక్కునేది. మమ్మల్ని ఏడిపించింది నల్లపెట్ట. అది పరుగెత్తేది కాదు. నేను నడుం వంచి, చేతులు చాచి, మోకాళ్లు మడిచి దాని ముందుకు వెళితే, అది మెడ ఒక పక్కకు తిప్పి, ఒక కాలు పైకెత్తి అలాగే నిలబడేది. ఎడమకు దూకుతుందనుకొని నేను ఆ వైపు ఒరిగేవాణ్ణి. ఒరిగానో లేదో, నా కుడి మోచేతి కింద నుంచి రెండే రెండు అడుగులు వేసి అవతలికి వెళ్లి, ఏమీ జరగనట్టు గింజలు ఏరుకునేది. నేను మాత్రం మన్నులో బోర్లా పడి ఉండేవాణ్ణి. మా నాయనమ్మ అరుగు మీద కూర్చొని, "నువ్వు దాన్ని చూస్తున్నావురా, అది నీ కాళ్లను చూస్తోంది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది.

రాబర్ట్‌సన్ అచ్చంగా ఆ నల్లపెట్టలా ఆడేవాడు. బంతి తన కాళ్ల దగ్గరికి రాగానే పరుగు లంకించుకోకుండా ఆగేవాడు. అవతలి జట్టు రైట్ బ్యాక్ నడుం వంచి, చేతులు చాచి, అప్పట్లో నేను నిలబడ్డట్టే ఎదురుగా నిలబడేవాడు. ఇద్దరూ కదలకుండా ఉంటే తొందర ఎవరికి? బ్యాక్‌కే. అతను బంతి కోసం ఒక కాలు ముందుకు వేస్తే ఒంటి బరువంతా ఆ కాలి మీద పడుతుంది. బరువు మోస్తున్న కాలిని ఎత్తి మళ్లీ వేరే వైపు తిరగడానికి ఎంతటివాడికైనా ఒక లిప్త పడుతుంది. క్రాస్ కొట్టడానికి, అంటే అంచు నుంచి గోలు ముందుకు బంతిని పంపడానికి, వింగర్‌కు మూర బారుడు ఖాళీ ఉంటే చాలు. ఆ ఖాళీని వేగంతో సంపాదించేవాళ్లు కొందరు. ఇతను నిలబడి సంపాదించేవాడు. కోడికి క్రాస్ కొట్టడం రాదు కదా తాతయ్యా అంటారేమో, రాదు, ఒప్పుకుంటాను. అయినా నేను దాన్ని ఇప్పుడే వదలను. ఎందుకంటే ఆ పెట్ట దగ్గర ఇంకొక తెలివి ఉంది, దానికి రెండు వైపులకూ దారి తెలుసు. ఎప్పుడూ ఒకే పక్కకు దూకే పెట్ట సాయంత్రానికల్లా గంప కింద ఉంటుంది. రాబర్ట్‌సన్‌ది సహజంగా కుడికాలి వాటం, ఆడిందేమో ఎడమ అంచున, రెండు కాళ్లతోనూ బంతిని కోరిన చోటికి పంపగలిగేవాడు. బయటి వైపు వెళతాడో, లోపలికి తిరుగుతాడో అతని ఎదుట నిలబడ్డవాడికి అంతుపట్టేది కాదు.

ఈ రెండు దారులకూ రెండు రుజువులు ఉన్నాయి, రెండూ యూరప్ దేశాల విజేత క్లబ్బులు పోటీపడే యూరోపియన్ కప్పు ఫైనల్స్‌లోవే. 1979 మే 30న మ్యూనిక్‌లో స్వీడన్ జట్టు మాల్మోతో ఫారెస్ట్ ఆడింది. మొదటి సగం ముగియబోతుండగా రాబర్ట్‌సన్ ఎడమ అంచున ఇద్దరిని దాటి, బయటి వైపుగా చివరి గీత దాకా వెళ్లి, ఎడమ కాలితో బంతిని గోలు అవతలి కొమ్ము వైపు ఎత్తి పంపాడు. అక్కడికి పరుగెత్తుకొచ్చిన ట్రెవర్ ఫ్రాన్సిస్ తలతో దాన్ని లోపలికి కొట్టాడు. ఆ ఒక్క గోలుతోనే కప్పు వచ్చింది. మరుసటి ఏడు, 1980 మే 28న, మాడ్రిడ్‌లో జర్మన్ జట్టు హాంబుర్గ్‌తో ఫైనల్. ఈసారి అతను లోపలికి తిరిగాడు. గ్యారీ బర్టిల్స్‌కు బంతి ఇచ్చి మళ్లీ అందుకొని, కుడి కాలితో నేల బారుగా కొడితే బంతి గోలు స్తంభాన్ని ఒరుసుకుంటూ లోపలికి పోయింది. ఆ రోజూ పడింది ఆ ఒక్క గోలే. ఒక ఏడు గోలు అందించినవాడు, మరో ఏడు తానే గోలు కొట్టినవాడు అతనే.

ఆ విజయాలు ఎంత పెద్దవో మీకు తెలియాలంటే, అదే ఫారెస్ట్ జట్టు 1977 దాకా ఇంగ్లండు లీగ్‌లో పై అంచెకు కిందిదైన రెండో డివిజన్‌లో ఉండేదని గుర్తుంచుకోండి. 1977లో పైకి వచ్చి, 1978లో ఇంగ్లండు లీగ్ విజేత అయి, ఆ తరువాత రెండేళ్లూ యూరప్‌ను గెలిచింది. ఇంత జరుగుతున్న కాలంలో, 1976 డిసెంబరు నుంచి 1980 డిసెంబరు వరకు, ఈ నెమ్మదైన మనిషి వరసగా 243 మ్యాచ్‌లు ఒక్కటీ తప్పకుండా ఆడాడు. నాకు ఆ రెండు ఫైనల్స్ కంటే ఈ సంఖ్యే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. ముసలివాళ్లకు హాజరు పట్టీ మీద మక్కువ ఎక్కువ, ఏం చేస్తాం!

స్కాట్లాండ్ జట్టుకు కూడా ఆడాడు. 1981లో వెంబ్లీలో ఇంగ్లండును 1-0తో ఓడించిన పెనాల్టీ గోలు అతనిదే. 1982 ప్రపంచ కప్పులో న్యూజిలాండ్ మీద ఫ్రీ కిక్ నుంచి గోలు కొట్టాడు. 1983లో, అప్పటికి డెర్బీ కౌంటీ క్లబ్బుకు మేనేజరుగా ఉన్న టేలర్ అతణ్ణి అక్కడికి తీసుకుపోవడంతో, ఆ విషయం మీదనే క్లఫ్, టేలర్ల చిరకాల స్నేహం తెగిపోయింది. ఆ కథ పెద్దవాళ్ల పట్టింపుల కథ, మీకు అవసరం లేదు. డెర్బీలో గాయాలు అతణ్ణి వెనక్కి లాగాయి. ఆట మానిన తరువాత, ఫారెస్ట్‌లో తనతో ఆడిన మార్టిన్ ఓనీల్‌కు సహాయకుడిగా లెస్టర్, సెల్టిక్ వంటి క్లబ్బుల్లో పనిచేశాడు. 2015లో నాటింగ్‌హామ్ పోస్ట్ పత్రిక పాఠకులు ఫారెస్ట్ చరిత్రలో తమకు అందరికన్నా ఇష్టమైన ఆటగాడిగా అతణ్ణే ఎన్నుకున్నారు.

ఎదుటివాడి బరువు ఏ లిప్తలో ఒక కాలి మీదికి వాలిందో అతనికి ఎలా తెలిసేదని మీరు అడిగితే నేను చెప్పలేను. బంతి మీద చూపు ఉండగానే ఆ కాళ్లు కూడా ఎలా కనిపించేవో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అందుచేత మీరే చూడండి. మ్యూనిక్ గోలూ మాడ్రిడ్ గోలూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మొదటిసారి బంతినే చూడండి. రెండోసారి బంతినీ, రాబర్ట్‌సన్‌నూ మరిచిపోయి, అతని ఎదుట నిలబడ్డవాడి కాళ్లు మాత్రమే చూడండి. తరువాత సాయంత్రం మీలో ఒకరు బ్యాక్‌గా నిలబడండి, మరొకరు బంతి కాలి కింద పెట్టుకొని, ఎదుటివారు కదిలేదాకా కదలకుండా ఉండండి. తొందర ఎవరికి పుట్టిందో, ఎవరి కాలు ముందు కదిలిందో నాకు వివరంగా రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య