పెళ్లి వీడియోల మీద అపోహలు - వాస్తవాలు (కావలి నుంచి)

కావలిలో పెళ్లి ఫోటోలు, వీడియోలు చేస్తుంటా, క్యాసెట్ల కాలం నుంచి. షాపుకొచ్చినోళ్లు అనే మాటలు కొన్ని ఉండాయి, వినీ వినీ ఇక్కడ రాసేస్తుండా.

అపోహ: రీల్స్ వచ్చాయి కదన్నా, ఇంక ఆల్బమ్ పని అయిపోయినట్టే.

వాస్తవం: అయిపోలా, వేషం మార్చిందంతే. ఇప్పుడు ఆల్బమ్ మొదటి పేజీలోనే క్యూఆర్ కోడ్ వేసిస్తాం, ఫోన్ చూపిస్తే వీడియో వస్తుంది. శుభలేఖల సంగతి ఇంకా తమాషా. అచ్చు కార్డుకి నాలుగు మూలలా పసుపు రాస్తాం కదా, వాట్సాప్‌లో పంపే కార్డుకి కూడా ఆ పసుపు బొమ్మలో పెట్టమంటారు, వీడియో కార్డయితే నాటకంలో లాగా తెర లేచాకే పేర్లు రావాల. ఇటు అచ్చు కార్డేమో ఆధార్ కార్డు లాగా కొట్టించుకునేవాళ్లు ఉండారు.

అపోహ: ఆ పాత క్యాసెట్ లుక్ పాత కెమెరాతోనే వస్తుంది.

వాస్తవం: 4కేలో శుభ్రంగా తీసి, తర్వాత చెడగొడితే వస్తుంది. అప్పటి క్యాసెట్లలో ఉండే వీహెచ్ఎస్ టేపులో రంగుకి చోటు బాగా తక్కువ, అందుకే పెళ్లికూతురి ఎర్ర చీర రంగు అంచు దాటి పక్కకి కారేది, కాపీ మీద కాపీ తీస్తే ఇంకా ఘోరం, ఆ గీతలు పోవాలని నేను టేపు చదివే హెడ్ క్లీన్ చేసీ చేసీ చచ్చేవాణ్ణి. ఇప్పుడు అవే గీతలు, మూలన తేదీ, రికార్డింగ్ అని చూపే ఆ ఎర్ర చుక్క కావాలని అడిగి మరీ వేయించుకుంటుండారు, దానికి డబ్బులు కూడా ఇస్తుండారు!

అపోహ: సినిమా లుక్ అంటే ఖరీదైన కెమెరా.

వాస్తవం: కొంతవరకే. ఫోన్ మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది, మేం 24 పెడతాం. 1920ల చివర్లో సినిమాకి మాటలొచ్చినప్పుడు సౌండ్ బాగుండాలి, ఫిల్మ్ ఖర్చూ పెరక్కూడదని కుదిరిన లెక్క అది. ఫిల్మ్ రీలు పోయింది, లెక్క మాత్రం మిగిలింది.

అపోహ: ఇట్టా ఒక మీడియం ఇంకో మీడియాన్ని కాపీ కొట్టడమంతా ఫోన్లు వచ్చాకే.

వాస్తవం: 1932లో వచ్చిన మన తెలుగు మొదటి టాకీ భక్త ప్రహ్లాద అప్పటికే స్టేజి మీద ఆడుతున్న నాటకం. ఏ మీడియం కడుపులో చూసినా ఇంకో మీడియం ఉంటుందని మీడియా గురించి రాసే కెనడా ఆయన మాక్లూహన్ 1964లోనే రాశాడు, 1999లో బోల్టర్, గ్రూసిన్ అనే ఇద్దరు దీనికి రీమీడియేషన్ అని పేరు పెట్టి పుస్తకమే వేశారు. పని మనది, పేరు పెట్టేది వాళ్లు.

అపోహ: నిలువు వీడియో ఫోన్ వరకే.

వాస్తవం: టీవీ వార్తలు చూడండి, ఎవరో ఫోన్లో తీసిన నిలువు క్లిప్పు మధ్యలో, రెండు పక్కలా అదే క్లిప్పు మసకగా. మా ఆల్బమ్ షీటేమో 12 ఇంటూ 36 అంగుళాలు, పూర్తిగా అడ్డం, ఫోటోలన్నీ నిలువుగా తీయమంటారు స్టేటస్‌కి. అందుకని ఒక్కో ఫోటో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తీస్తుండా, గ్రూప్ ఫోటో మాత్రం అడ్డమే, మేనమామలందరూ నిలువు ఫ్రేములో పట్టరు నాయనా.