ఒడిస్సీ వాయించాలనుకునే మన తెలుగువాళ్ళకి: అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం కూడా అదే ఫోన్. పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి. "మాస్టారూ, మా అమ్మాయి ఏడేళ్ళు వయొలిన్ మీద కర్ణాటకం నేర్చుకుంది. వర్ణాలు మూడు కాలాల్లో వాయిస్తుంది. ఒడిస్సీ డ్యాన్సు వాళ్ళు ఒకసారి పిలిచారు, మళ్ళీ పిలవలేదు. తెలుగువాళ్ళమనే కదండీ?"

నేను ఒడిశాలోని బరంపురంలో పాతికేళ్ళుగా వయొలిన్ వాయిస్తూ, చెబుతూ బతుకుతున్నాను. ఏడాదిలో సగం కచేరీలు కర్ణాటకం, సగం ఒడిస్సీ, అంటే ఒడిశా శాస్త్రీయ సంగీతం, గాత్రానికీ నాట్యానికీ పక్కవాద్యం. ఈ ప్రశ్న నెలకి రెండుసార్లయినా వింటాను. ఆయన్ని ఒక్కటే అడిగాను, పాట ఎలా నేర్చుకుందని. "యూట్యూబ్‌లో విని స్వరాలు రాసుకుందండీ. ఒక్క స్వరం కూడా తప్పు పోలేదు," అన్నారు కాస్త గర్వంగా. చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: స్వరాలు అవే ఏడు. నొటేషన్ ఉంటే ఎవరి సంగీతమైనా వాయించేయొచ్చు.

ఈ ఒక్క మాట వల్ల మన పిల్లలు పోగొట్టుకున్నంత ఇంక దేనివల్లా పోగొట్టుకోలేదు. డబ్బు, ఏళ్ళు, అన్నిటికంటే ముందు పరువు.

నొటేషన్‌లో "గ" అని రాసుకుంటారు. ఆ గాంధారాన్ని ఎలా పట్టుకోవాలో కాగితం చెప్పదు. మన కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, చురుగ్గా, వెడల్పుగా ఊగుతుంది. ఒడిస్సీలో చెవికి ముందుగా తగిలేది ఆందోళితం. స్వరం నిలబడి, ఉయ్యాల ఆగబోయే ముందు ఊగినట్టు మెల్లగా కదులుతుంది. మన వేలు వర్ణాలకి అలవాటుపడి ఉంటుంది కాబట్టి, ఖాళీ కనబడగానే ఊపేస్తుంది. స్వరం సరైనదే, పాట మాత్రం వేరే ఊరిది అయిపోతుంది.

తాళం సంగతీ అంతే. ఏకతాళి, త్రిపట, ఝంపా అన్న పేర్లు వినగానే మనవాళ్ళకి ధైర్యం వచ్చేస్తుంది, ఇవన్నీ మనకి తెలిసినవే అని. మన మిశ్రజాతి ఝంపకి పది అక్షరాలు, 7+1+2. వాళ్ళ ఝంపాకీ పది మాత్రలే. కానీ మర్దళం, అంటే ఒడిస్సీ మద్దెల, ఆ పదిని 7+1+2గా విడగొట్టదు. లెక్క పెట్టుకుంటూ వాయించేవాడు సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, సరిగ్గానే చేరతాడు, దారి పొడుగునా మాత్రం మర్దళానికి అడ్డుపడుతూనే ఉంటాడు. రాగాల పేర్లతో ఇంకా ప్రమాదం. కల్యాణ్ అనగానే కల్యాణి వాయించేయడం నేను స్వయంగా చేసిన పని కాబట్టి ఎవరినీ తిట్టను.

ఇక మాట. వయొలిన్‌కి మాటతో పనేముంది అనుకుంటారు. కమాను ఎక్కడ తిప్పాలో పాటలో మాట చెబుతుంది, అది వినపడకపోతే పక్కవాద్యం పక్కన లేనట్టే. ఒడియా కూడా తెలుగులాగే అచ్చుతో ముగిసే భాష, హిందీలా చివరి అచ్చు మింగేయదు. పైగా ళ ఉంది. ఇంతవరకూ మన అదృష్టం. కానీ మన పిల్లలు సాహిత్యాన్ని తెలుగు లిపిలో రాసుకుని, ఆ లిపిలో ఉన్నట్టే పాడతారు. ఒడియా నోట్లో "అ" గుండ్రంగా, "ఒ"కి దగ్గరగా పలుకుతుంది. జగన్నాథ అన్నది జొగొన్నాథొ అవుతుంది. వసంత బొసొంతొ. యమున జొమునా. మన వైపు అష్టపది భజనలో పాడిన పద్ధతిలోనే ఇక్కడ పాడితే ఎదురుగా కూర్చున్న ఒడియా పెద్దలు మర్యాదకి ఏమీ అనరు. రెండోసారి పిలవరు, అంతే.

దీన్నే మనవాళ్ళు "తెలుగువాళ్ళమని పక్కన పెట్టారు" అని వాట్సాప్‌లో తిప్పుతారు. అసలే సరిహద్దు జిల్లా. భాష మీద ఒక మాట అంటే పది ఇళ్ళకి పాకుతుంది. వివక్ష ఎక్కడా లేదని నేను అనను. కానీ నా దగ్గరికి వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల్లో నేను కూర్చుని విన్న ప్రతిసారీ, పిలవకపోవడానికి కారణం వాయింపులోనే దొరికింది.

నాకెలా తెలుసంటే, నన్నూ ఒకరు నిలదీశారు కాబట్టి. కొత్తల్లో ఒక గుడిలో జణాణానికి వాయించాను. జణాణం అంటే దేవుడితో మొరపెట్టుకునే పాట. ఇష్టంగా, దండిగా గమకాలు వేశాను. సభలో చప్పట్లు కూడా పడ్డాయి. అయిపోయాక మర్దళం వాయించిన ముసలాయన, ఒడియా ఆయన, మన తెలుగు బాగానే వచ్చు, పక్కకి పిలిచి, "బాబూ, నీ చెయ్యి మంచిది. మా పాట ఏది?" అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు. మూడోరోజు ఆయన ఇంటికి వెళ్ళి, నేర్పండి ఆజ్ఞా (ఒడియాలో అయ్యా అన్నట్టు) అన్నాను. వయొలిన్ పెట్టె తెరవనివ్వలేదు. గిని జత చేతిలో పెట్టారు. కంచు తాళాలు, దారం దగ్గర వేళ్ళు ఒరుసుకుని కందిపోయేవి. ఆయన పాడుతుంటే గిని కొట్టడం, తప్పితే ఆయన కళ్ళెత్తి చూడడం. నెలన్నర అదే. ఇరవై ఏడేళ్ళవాణ్ణి, అప్పటికే రేడియోలో వాయించినవాణ్ణి, వాళ్ళ మనవడి పక్కన కూర్చుని తాళాలు కొట్టాను. ఆ నెలన్నర తర్వాత వయొలిన్ తీస్తే, వేలు దానంతట అదే నెమ్మదించింది. ఎందుకో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. చెవికి పని చెప్పి చేతిని ఖాళీగా ఉంచడం వల్లనేమో.

కాబట్టి ఆ తండ్రికి చెప్పిందే అందరికీ చెబుతున్నాను. ఆరు నెలలు నొటేషన్ పుస్తకం మూసేయండి. ఒక్క గురువు, ఒక్క పాట. ముందు గిని, తర్వాత నోరు, చివర్లో వాద్యం. "పది క్లాసుల్లో ఒడిస్సీ" అని ఆన్‌లైన్‌లో ఎవరో పెడితే మా వీధిలో ఒకాయన ఆరు వేలు కట్టాడు. వచ్చింది పీడీఎఫ్.

అపోహ: ఇంకో బాణీ ముట్టుకుంటే ఉన్న చెయ్యి పాడవుతుంది.

ఇది అడిగే తల్లులంటే నాకు కోపం రాదు. ఏళ్ళ తరబడి ఫీజులు కట్టి, టెన్షన్‌తో పరీక్షలకి తిప్పినవాళ్ళు భయపడతారు మరి. విజయనగరంలో నాకు చెప్పిన మాస్టారు కూడా, "రెండు పడవల మీద కాళ్ళురా," అన్నారు. మొదటి కొన్ని నెలలు కలగాపులగం అవుతుంది, నిజమే. మోహనంలో ఆలాపన చేస్తుంటే ఒడిస్సీ జారు వచ్చి పడుతుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సాధన చేస్తే అది తగ్గుతుంది. పిల్ల ఇంకా గీతాల్లాంటి తొలి పాఠాల్లోనే ఉంటే మాత్రం ఆగండి. నాలుగైదు వర్ణాలు గట్టిగా వచ్చాక మొదలుపెట్టండి. నా కర్ణాటకం పాడవలేదు సరికదా, నిలిపిన స్వరం బాగుంటోందని మాస్టారే తర్వాత ఒప్పుకున్నారు.

ఇంకో మాట. మనం భుజాన మోస్తున్న ఈ వయొలిన్ ఎవరిది? యూరప్ వాళ్ళది. బాలుస్వామి దీక్షితర్ (1786-1858) దాన్ని నేర్చుకుని కర్ణాటకంలోకి తెచ్చారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితర్ తెల్లవాళ్ళ బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం రాశారు, నోట్టుస్వరాలంటే అవే. వాళ్ళ చేతులేమీ పాడవలేదు.

అపోహ: అది వాళ్ళది, మనకి హక్కు లేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఒడిస్సీ పాటలు రాసిన గోపాలకృష్ణ పట్టనాయక్ పర్లాకిమిడి మనిషి. చంపూ రాసిన కవిసూర్య బలదేవ రథ్ ఈ గంజాం ప్రాంతం వారే. గంజాంలో రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకం జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద నడుస్తుంది. ఆ జలంత్రకోట ఇవాళ శ్రీకాకుళం జిల్లాలో ఉంది! పదిహేడో శతాబ్దంలో సాలబేగ్ అనే ముస్లిం భక్తుడు రాసిన భజనలు ఈనాటికీ జగన్నాథుడి ముందు పాడతారు. మన బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో దేశిబెహరా తెలుగు నేతవాళ్ళ పెద్ద. హక్కు గురించి దిగులు పడకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వేదిక మీద ఆ పేరు చెప్పండి, చాలు.

అపోహ: గిరిజనుల సంగీతం ఎవరి సొత్తూ కాదు, ఎలాగైనా వాడుకోవచ్చు.

కోరాపుట్ వెళ్ళి ధెమ్సా అనే గిరిజనుల బృంద నృత్యం దగ్గర ఫోన్ పెట్టి రికార్డ్ చేసుకొచ్చి, కీబోర్డు కలిపి "ఫ్యూజన్" అని పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పరజాలు, గదబలు ఆడుతుంటే సన్నాయిలాంటి మొహురి ఊదేది, డోలు కొట్టేది ఎక్కువగా డోంబులు. తరతరాలుగా వేరేవాళ్ళ ఆటకి వాయించి బతికే వృత్తి కళాకారులు వాళ్ళు. కచేరీకి మనం సంభావన తీసుకోమా? వాళ్ళకీ ఇవ్వాలి. ముందు అడగాలి, పేరు వేయాలి.

చిన్నా చితకా

ఒడిస్సీకి వేరే వయొలిన్ కొనక్కర్లేదు. స-ప-స-ప చాలు, గాయకుడి శ్రుతికి పెట్టుకోండి. నేల మీద కూర్చునే వాయించవచ్చు, ఎవరూ కాదనరు. ఒడియా చదవడం నేర్చుకోవాలా అంటే, నెల రోజుల పని, నేర్చుకోండి. బరంపురంలో సగం కొట్ల బోర్డులు ఒడియాలోనే ఉన్నాయి కదా, బజారుకి వెళ్ళినప్పుడల్లా చదువుకుంటూ నడవొచ్చు.

పర్లాకిమిడి అమ్మాయి వచ్చే వారం వస్తానంది. వయొలిన్ తెచ్చుకోవద్దని చెప్పాను. వాళ్ళ నాన్నగారు ఒక్క క్షణం ఆగి, "మరి ఫీజు ఎంతండీ, గినికి?" అన్నారు.