బరంపురం తెలుగిళ్లలో ఆ మాట ఎవరు చెప్పేవారు?

పిల్లలకు సెక్స్ గురించి ఇంట్లో ఏమీ చెప్పరు, అందుకే ఫోన్లలో వెతుక్కుంటున్నారు అన్న మాట ఏ అవగాహన సదస్సుకు వెళ్లినా వినిపిస్తుంది. దక్షిణ ఒడిశాలోని బరంపురం, ఛత్రపూర్, పర్లాకిమిడి వైపు తెలుగు కుటుంబాల సంగతి చూస్తే ఫోన్ల మాట నిజమే. ఇంట్లో చెప్పరన్న దానితోనే పేచీ. చెప్పేవారు. అమ్మానాన్నలు మాత్రం కాదు.

ఈ సంగతులు ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో వరస తేల్చేది. మేనరికం ఉన్న కులాల్లో మేనమామ కొడుకు బావ, మేనత్త కూతురు మరదలు. వాళ్ల మధ్య వేళాకోళాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పెళ్లిలో వియ్యాలవారిని దెప్పుతూ ఆడవాళ్లు పాడే పాటల్లో పడకగది సంగతులకు కొదవ ఉండేది కాదు, పిల్లలు చెవులు రిక్కించి వినేవారు. కొత్త పెళ్లికూతురికి చెప్పాల్సింది వదిన చెప్పేది. మనవరాలిని ఆటపట్టించడం అమ్మమ్మ పని. పక్కింటి ఒడియా కుటుంబంలో మాత్రం సాధారణంగా మేనమామ కొడుకు అన్నయ్యే. ఒకే బడిలో చదివే ఇద్దరమ్మాయిల్లో ఒకరు మేనమామ కొడుకుతో సరసమాడొచ్చు, రెండో అమ్మాయి తన మేనమామ కొడుకు ముందు తలొంచుకు నిలబడాలి. ఇక్కడి తెలుగు పిల్లలు ఈ రెండు లెక్కలూ చూస్తూ పెరిగారు.

ఆడపిల్ల పెద్దమనిషయిన వేడుకకూ ఒక కథ ఉంది. పూర్వం కొన్ని కులాల్లో, ముఖ్యంగా బ్రాహ్మణ, కోమటి ఇళ్లలో, ఈడేరకముందే పెళ్లి చేసేవారు. పిల్ల సమర్తాడితే అత్తవారింటికి కబురు వెళ్లేది. ఆ తర్వాత పునస్సంధానం, అంటే శోభనం. 1891లో లైంగిక సంబంధానికి సమ్మతి వయసును 10 నుంచి 12కు పెంచితేనే దేశమంతా గొడవైంది. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును 14 చేసింది. అప్పటికి ఈ ఊళ్లున్న గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. 1978లో ఆడపిల్ల పెళ్లి వయసు 18 అయింది. చట్టం వచ్చినంత వేగంగా ఇళ్లు మారలేదు గానీ, ఈడేరడానికీ పెళ్లికీ మధ్య ఎడం ఏళ్లకేళ్లు పెరిగింది. వేడుక మాత్రం మిగిలింది: మూల కూర్చోబెట్టడం, చిమ్మిలి, పట్టుచీర, ఈమధ్య ఫ్లెక్సీ. అత్తవారే లేనప్పుడు ఆ కబురు ఎవరికో తెలియదు. ఊరందరికీ తెలుస్తుంది, ఒంట్లో ఏం జరుగుతోందో ఆ పిల్లకు తప్ప. మగపిల్లాడికైతే వేడుకా లేదు, కబురూ లేదు. జూన్ నడుమ రొజొ పండక్కి ఒడియా ఊళ్లలో భూదేవి ముట్టయిందని దుక్కి ఆపేసి, మూడు రోజులు ఆడపిల్లల్ని ఉయ్యాలలూగమంటారు. ఆ ఇళ్లలోనూ ముట్టు పట్టింపులు తక్కువేం కాదు లెండి.

వరసైనవాళ్లు మెల్లగా చెదిరిపోయారు. చదువుకున్న ఇళ్లు మేనరికాలు మానుకుంటున్నాయి. బావ ఉద్యోగం విశాఖలోనో హైదరాబాదులోనో. గంజాం మగవాళ్లు సూరత్ పవర్‌లూమ్‌లకు వలసపోవడం దశాబ్దాలుగా ఉన్నదే. ఒడిశాలో హెచ్ఐవీ బెడద ఎక్కువున్న జిల్లాగా గంజాంకు పేరు రావడానికి ఆ వలసను కూడా కారణంగా చూపుతారు. సర్కారు కూడా ఈ విషయాన్ని నేరుగా ఎత్తుకోలేదు. మొదట జనాభా అంది, 1968లో నిరోధ్ కండోములు తెచ్చింది. తర్వాత రోగం అంది, 1992లో ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పెట్టింది. ఇష్టం, సిగ్గు, భయం గురించి కుర్రాళ్లకు ఉన్న సందేహాలు ఆ పోస్టర్లలో దొరకవు.

వాటికి జవాబు వారపత్రికలో దొరికింది. స్వాతిలో డాక్టర్ సమరం ప్రశ్నలు, జవాబులు ఒక తరానికి చాటుగా చదివిన పాఠం. ఏ వరసా లేని డాక్టరు కాబట్టే అడగడానికి సిగ్గనిపించలేదు. ఆయన తండ్రి, నాస్తికోద్యమ నాయకుడు గోరా, 1902లో పుట్టింది ఛత్రపూర్‌లోనే. కానీ ఒడియా మీడియంలో చదివిన ఇక్కడి కొత్త తరంలో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వాళ్ల వరకు పత్రిక ఆగిపోయింది, సినిమా మిగిలింది. నా లెక్కలో అసలు చెరుపు అక్కడే జరిగింది. బావామరదళ్ల వేళాకోళాన్ని సినిమా ఇంట్లోంచి రోడ్డు మీదికి తెచ్చి, ముక్కూమొహం తెలియని అమ్మాయి మీద వాడుకోమంది. ఇంట్లో బావ శ్రుతి మించితే అత్త గదమాయించేది. తెర మీద హీరో వెంటపడితే ఆ అమ్మాయి చివరికి నవ్వుతుంది.

బడి సంగతి క్లుప్తంగా. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. 2007లో మహారాష్ట్ర సహా పలు రాష్ట్రాలు వద్దన్నాయి. 2009లో వెంకయ్య నాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య కూడదంది. 2012లో పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకోవడానికి వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కించింది. నేరం జరిగిందని తెలిస్తే చెప్పి తీరాలన్న నిబంధన మంచిదే, కానీ ఆ భయంతో మాస్టారు పిల్లల సందేహం వినడానికే జంకుతారు. సుప్రీంకోర్టు 2024లో సమగ్ర లైంగిక విద్య అవసరమంది.

ఈలోగా 2016లో జియో వచ్చి డేటా చవకైంది. అంతకు ముందు ఏడాదే 857 అశ్లీల సైట్లను మూయించబోయి, గోల కావడంతో కేంద్రం వెనక్కి తగ్గింది. హాల్లో టీవీ ముందు ముద్దు సీను వస్తే నాన్న ఛానల్ మార్చేవాడు. ఫోను అందరి కళ్లముందు ఉండదు, అడగని ప్రశ్నకు కూడా జవాబు చూపిస్తుంది.

ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో కౌమార వయసు వాళ్ల కోసం శ్రద్ధా క్లినిక్‌లు ఉన్నాయి. సమరం లాగే ఏ వరసా లేని మనిషి అక్కడ కూర్చుంటారు. అయితే చిన్న ఊళ్లో ఆ నర్సమ్మ పిన్ని స్నేహితురాలై ఉండొచ్చు. పత్రికకు ఉత్తరం రాసినవాడికి ఆ బెంగ లేదు.