వగరు నీళ్లు, ఉప్పు టీ

రెండు ఆకులు, ఒక మొగ్గ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య టక్కున తుంచడం, గుప్పిట నిండగానే వీపు మీది బుట్టలోకి విసరడం. అస్సాం తోటల్లో చాలాచోట్ల ఇలా రోజుకు 24 కిలోల పచ్చాకు తూగితేనే పూర్తి కూలి. పచ్చాకులో ముప్పాతిక వంతు నీరే కాబట్టి, అదంతా టీ పొడిగా మారేసరికి అయిదారు కిలోలు మిగులుతుంది.

ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. వారిలో ఎందరికో నెత్తురు తక్కువ. గర్భిణి కాని స్త్రీకి డెసిలీటరు రక్తంలో 12 గ్రాముల హిమోగ్లోబిన్ లేకపోతే రక్తహీనతే. ప్రాణవాయువును మోసే సరుకు తగ్గితే గుండె వడివడిగా కొట్టుకుని ఆ లోటు పూడ్చాలి. ఎండలో బుట్ట మోసే మనిషికి అది రెట్టింపు చాకిరీ.

ఇనుము పోయే దారులు చాలా ఉన్నాయి. నెలసరి, వెంటవెంటనే కాన్పులు సరే. వట్టికాళ్లతో తడినేల మీద నడిస్తే కొంకిపురుగు పిల్లలు పాదం చర్మంలోంచి లోపలికి దూరి, పేగుకు చేరి రక్తం పీలుస్తాయి. మనం అంతగా పట్టించుకోని దారి మరొకటి ఉంది: టీ. నాలుకకు వగరుగా తగిలే పాలీఫినాల్స్ అనే పదార్థాలు పేగులో ఇనుమును పట్టేసుకుంటాయి. అన్నం, ఆకుకూరల నుంచి అందే ఇనుము అసలే సరిగా ఒంటపట్టదు. తింటూ టీ తాగితే అందులోనూ సగానికి పైగా వృథా కావచ్చు.

తోటల్లో పని మధ్యలో తాగేది ఉప్పు కలిపిన టీ. చెమటతో పోయిన ఉప్పును తిరిగి ఇస్తుందన్నది దాని వెనక ఉన్న నమ్మకం. కానీ అస్సాంలోని డిబ్రూగఢ్‌లో ఉన్న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కేంద్రం పరిశోధకులు తోట కార్మికుల్లో అధిక రక్తపోటు ఎక్కువగా ఉన్నట్టు గుర్తించారు, ఉప్పు వాడకాన్నీ ఒక కారణంగా చూశారు. రక్తపోటు, రక్తహీనత కలిసిన గర్భిణికి కాన్పులో కాస్త రక్తం పోయినా ప్రాణాంతకం కావచ్చు. ప్రసూతి మరణాల్లో అస్సాం ఏళ్ల తరబడి దేశంలో ముందువరుసలో ఉండటం ఊరికే కాదు.

 

1951 నాటి తోట కార్మికుల చట్టం తాగునీరు, మరుగుదొడ్లు, ఆస్పత్రి ఉండాలంది. గర్భిణులు విశ్రాంతి తీసుకునేందుకు కూలికి బదులుగా 12,000 రూపాయలిచ్చే పథకాన్ని అస్సాం ప్రభుత్వం 2018లో తెచ్చింది. మంచిదే. అయితే మొక్కల వరుసల మధ్య మరుగు లేకపోతే ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానుకుంటారు, మూత్రంలో మంట మొదలవుతుంది. ఐరన్ మాత్రను టీకి గంటైనా ఎడంగా, మంచినీళ్లతో వేసుకోవాలి. ఆకు కోసే చోట చేతికందేది మాత్రం ఉప్పు టీ.