కుండకి కుమ్మరి ఉన్నాడు సరే, పుట్టకి?

మా పెదనాన్నకి ఇష్టమైన వాదన ఒకటుంది. పెళ్లిళ్లలో, తద్దినాలప్పుడు, బంధువులు నలుగురు చేరిన చోట ఏ కుర్రాడైనా దేవుడి మీద చిన్న డౌటు వెలిబుచ్చితే చాలు, చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు పైకెత్తి "ఇది దానంతటదే అయిందంటావా? చేసినవాడు ఉండాలి కదరా! మరి ఇంత ప్రపంచం?" అంటారు. మొన్న నా వంతు వచ్చింది. నేనూ ఏదో ఎదురు చెప్పబోతే, "ఇవన్నీ ఫారిన్ పుస్తకాలు చదివి తెచ్చుకున్న తెలివితేటలు, మన దగ్గర ఇలాంటివి లేవు" అని తేల్చేశారు. గ్లాసు వాదన సంగతి ఎలా ఉన్నా ఆ చివరి మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎందుకంటే ఆ వాదనా మనదే, దాన్ని తూట్లు పొడిచిన వాదనా మనదే. పైగా పొడిచినవాళ్లలో గట్టి పిండాలు కొందరు వేదమే ప్రమాణం అన్న పండితులు.

ముందు "నాస్తికుడు" అనే మాట సంగతి చూడాలి. ఇవాళ మనం దేవుడు లేడనేవాణ్ణి నాస్తికుడు అంటున్నాం. మనుస్మృతిలో లెక్క వేరు, అక్కడ "నాస్తికో వేదనిందకః" అని ఉంది, అంటే వేదాన్ని తిట్టేవాడు. దేవుడి ఊసే లేదు. అందుకే ఈ దేశంలో ఒక విచిత్రం జరిగింది: వేదాన్ని ఒప్పుకుంటూ సృష్టికర్తని ఒప్పుకోనివాళ్లు దర్జాగా ఆస్తికుల బల్ల మీదే కూర్చున్నారు. వేదంలోని యజ్ఞాల్ని, కర్మల్ని విచారించే మీమాంసకులు అలాంటివాళ్లే. సాంఖ్య దర్శనానికి మూలగ్రంథమైన ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో కూడా ప్రకృతి, పురుషుడు ఉంటారు గానీ ప్రపంచాన్ని చేసిన ఈశ్వరుడికి పని ఉండదు. అసలు ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తమే, ఈ సృష్టి ఎక్కణ్ణించి వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, లేదా ఆయనకీ తెలియదేమో అని ఆగిపోతుంది.

ఇక చార్వాకులు. కంటికి కనబడిందే ప్రమాణం అన్నారని, అప్పు చేసైనా నెయ్యి తాగమన్నారని అందరికీ తెలుసు. కానీ వాళ్ల గురించి మనకి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం వాళ్లని ఖండించినవాళ్లు రాసిందే. 14వ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో చార్వాకుల్ని మొదటి అధ్యాయంలో పెట్టాడు, తర్వాత కొట్టెయ్యడానికి వీలుగా. ఎదుటి పార్టీ లాయరు రాసిచ్చిన వాంగ్మూలం చదివి ముద్దాయి గురించి తీర్పు చెప్పినట్టుంటుంది. కాబట్టి వాళ్లని పక్కన పెడతాను.

అసలు కొట్లాట తర్కానికి పేరుపడ్డ న్యాయ దర్శనం వాళ్లకీ (వీళ్లనే నైయాయికులు అంటారు) బౌద్ధులకీ మధ్య నడిచింది, దాదాపు అయిదు వందల ఏళ్లు. నైయాయికుల మాట ఇదీ: భూమి, కొండలు, చెట్లు, ఇవన్నీ భాగాలు కలిసి ఏర్పడ్డ కార్యాలు, అంటే తయారైన వస్తువులు. కార్యం ఉంటే కర్త ఉండాలి. కుండ ఉంది కనక కుమ్మరి ఉన్నాడు. పెదనాన్న గ్లాసు అచ్చంగా ఇదే. ఒక తేడా ఉంది, మామూలుగా ఎవరూ పట్టించుకోరు గానీ ముఖ్యమైనది. నైయాయికుల దేవుడు శూన్యంలోంచి ప్రపంచాన్ని తియ్యడు. పరమాణువులు ఎప్పటినుంచో ఉన్నాయి, జీవులూ ఉన్నాయి, వాటి కర్మలూ ఉన్నాయి. ఆయన వాటిని కలిపి పెడతాడు, అంతే. మట్టి కుమ్మరిది కాదు, పనితనం కుమ్మరిది.

7వ శతాబ్దంలో ధర్మకీర్తి అనే బౌద్ధ పండితుడు ప్రమాణవార్తికంలో దీన్ని పట్టుకున్నాడు. కుండ మట్టితో చేసిన ఆకారం కనక కుమ్మరి చేశాడంటున్నారు, పుట్ట కూడా మట్టితో అయిన ఆకారమే, మరి అదీ కుమ్మరే చేశాడా? అన్నాడు. ఆయన ఉద్దేశం వేళాకోళం కాదు. కుండని చూసి కుమ్మరిని ఊహించగలుగుతున్నామంటే, కుమ్మరులు కుండలు చెయ్యడం మనం ముందే చూశాం కనక. కొండల్ని చేసేవాణ్ణి ఎప్పుడూ చూడలేదు. రెంటికీ "ఆకారం" అనే మాట ఒకటే అయినంత మాత్రాన ఒకదాని లెక్క రెండోదానికి అంటించకూడదు. పొగ తెల్లగా పాలిపోయి ఉంటుంది కదా అని, పాలిపోయి కనిపించిన ప్రతిదాని వెనకా నిప్పు ఉందంటామా అని కూడా అడిగాడు.

నైయాయికులు ఊరుకోలేదు. అడవిలో మొలిచే మొక్కకి చేసినవాడు లేడు కదా అంటే, "లేడని నీకెలా తెలుసు? మన తగాదా దాని గురించే కదా, తగాదాలో ఉన్నదాన్నే సాక్ష్యంగా తెస్తే ఎలా?" అన్నారు. నిజం చెప్పాలంటే ఇది మంచి జవాబే. ఇవాళ టీవీ చర్చల్లో ఇంత పదునైన మాట వింటే నేను లేచి చప్పట్లు కొడతాను.

అదే 7వ శతాబ్దంలో ఇంకో వైపు నుంచి కుమారిల భట్టు దిగాడు. ఈయన మీమాంసకుడు, బౌద్ధులకి ఆగర్భ శత్రువు, వేదం కోసం జీవితం ధారపోసినవాడు. సృష్టికర్త విషయంలో మాత్రం బౌద్ధులకన్నా కటువుగా మాట్లాడాడు. శరీరం లేనివాడు పని ఎలా చేస్తాడు? శరీరం ఉందంటే దాన్ని ఎవరు చేశారు? దయతో సృష్టించాడంటారా, సృష్టికి ముందు జీవులే లేనప్పుడు దయ ఎవరి మీద? పోనీ దయే అనుకున్నా ఇన్ని కష్టాలతో ఎందుకు చేశాడు? "ప్రయోజనం అనుద్దిశ్య న మందోఽపి ప్రవర్తతే", లాభం లేనిదే మూర్ఖుడు కూడా పనికి పూనుకోడు అని మన పెద్దలు సూక్తిలాగా వాడుతుంటారే, అది ఇక్కడిదే, శ్లోకవార్తికంలోది, దేవుడికి ప్రపంచాన్ని చేయాల్సిన అవసరం ఏమొచ్చిందని అడిగిన చోటిది! ఈసారి పెదనాన్న ఆ శ్లోకం చదివినప్పుడు చెబుదామని దాచుకున్నాను.

కుమారిలుడికి ఇదంతా ఎందుకు? వేదం ఎవరూ రాయనిది, అపౌరుషేయం అని ఆయన పట్టు. దేవుడు రాశాడని ఒప్పుకున్నా దానికి కర్త వచ్చేస్తాడు. అందుకే వేదాన్ని కాపాడుకోవడానికి సృష్టికర్తని వదులుకున్నాడు.

10వ శతాబ్దం చివర మిథిలలో ఉదయనాచార్యుడు వచ్చాడు. న్యాయకుసుమాంజలి అని పుస్తకం రాశాడు, దేవుడున్నాడని నిరూపించడానికే. కార్యం, పరమాణువుల కలయిక, ప్రపంచం పడిపోకుండా నిలబడి ఉండటం, మాటలకి అర్థాలు మొదట నేర్పినవాడు ఒకడుండాలనడం, ఇలా తొమ్మిది హేతువులు ఒక్క శ్లోకంలో కుదించాడు. ఆయన గురించి పండితుల్లో ఒక కథ ఉంది. పూరీ వెళితే జగన్నాథుడి తలుపులు మూసి ఉన్నాయట. ఈయనకి ఒళ్లు మండి, "ఐశ్వర్య మదంతో నన్ను లెక్క చెయ్యడం లేదు కదూ, బౌద్ధులు వచ్చినప్పుడు నీ ఉనికి నా చేతిలోనే ఉంటుంది, గుర్తుపెట్టుకో" అన్నాడట. జరిగిందో లేదో గానీ, "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని రాముణ్ణి నిలదీసిన రామదాసు ఉన్న భాష మనది, మనకి ఈ కథ కొత్తగా అనిపించదు.

ఆ పుస్తకం చివర్లో ఒక శ్లోకం ఉంది, నాకు తొమ్మిది హేతువులకన్నా అదే ఎక్కువ నచ్చుతుంది. ఇంత తర్కంతో కడిగినా నీకు చోటివ్వని గుండెలు ఇనుముతో చేసినవే, అయినా ఓ దయామయా, నిన్ను కాదనడానికైనా వాళ్లు నీ గురించే గట్టిగా ఆలోచిస్తున్నారు కదా, ఎప్పటికైనా వాళ్లనీ నువ్వే దాటించాలి అంటాడు. ప్రత్యర్థి గురించి ఇలా ముగించిన వాదోపవాదం ఇప్పుడు చూపించండి. 11వ శతాబ్దంలో విక్రమశిల బౌద్ధ పండితుడు రత్నకీర్తి ఈశ్వర వాదం మీద ఒక ఖండన గ్రంథం రాశాడు. అంటే ఇనుప గుండెలు అప్పటికి కరగలేదన్నమాట.

అసలైన మలుపు భక్తుల వైపు నుంచి వచ్చింది. రామానుజులు, తిరుమల కొండ మీద పూజా పద్ధతులు దిద్దారని సంప్రదాయం చెప్పే ఆ రామానుజులే, బ్రహ్మసూత్రాలకి తను రాసిన వ్యాఖ్యానం శ్రీభాష్యంలో కుమ్మరి వాదనని తోసిపుచ్చారు. ప్రపంచం ఒక్కడే, ఒక్కసారే చేశాడని ఎలా అంటారు, వేర్వేరు భాగాల్ని వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్తలు చేసి ఉండొచ్చు కదా అని అడిగారు. ఆయన లెక్కలో దేవుణ్ణి తెలుసుకునేది శాస్త్రం, అంటే వేదం, వల్లనే; అనుమాన ప్రమాణం, అంటే ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని ఊహించడం, వల్ల కాదు. 1779లో, రచయిత చనిపోయాక, అచ్చయిన స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ సంభాషణల్లోనూ ఇదే మాట ఉంది: ఇల్లు కట్టడానికి చాలామంది చేరతారు, ప్రపంచానికి మాత్రం ఒక్కడే ఎందుకు? హ్యూమ్‌ది సందేహం, రామానుజులది భక్తి. ఇక ఇంగ్లండులో విలియం పేలీ గడియారాన్ని చూపించి గడియారాలు చేసేవాడు ఉండాలన్నది 1802లో, ఉదయనుడి తర్వాత ఎనిమిది వందల ఏళ్లకి. 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక, కన్ను లాంటి అవయవాలు కూడా తయారుచేసేవాడు లేకుండానే మెల్లగా రూపుదిద్దుకునే దారి ఒకటుందని తెలిసి, జీవుల విషయంలో ఆ వాదనకి పట్టు పోయింది.

కష్టాల ప్రశ్నకి మాత్రం మన దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉండిపోయింది. బ్రహ్మసూత్రాల్లో "వైషమ్య నైర్ఘృణ్యే న" అని ఉంది: ఒకణ్ణి రాజుగా, ఒకణ్ణి బిచ్చగాడిగా పుట్టించాడని దేవుడికి పక్షపాతం, క్రూరత్వం అంటగట్టొద్దు, ఆయన వాళ్ల వాళ్ల కర్మని బట్టే చేస్తాడు. తర్కంగా చూస్తే దేవుడి మీద కేసు కొట్టేసినట్టే. కానీ కేసు పోయి ఎవరి మీద పడింది? బాధపడుతున్నవాడి మీద. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో కొట్టుకుపోయిన పసిపిల్లలది ఏ జన్మ పాపం అని అడిగితే ఆ జవాబు ఎంత మొరటుగా వినబడుతుందో తెలుస్తుంది. అంటరానితనానికీ ఇదే జవాబు పనికొచ్చింది. 20వ శతాబ్దంలో ఈ వాదన స్వరూపం మారిపోవడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం. ప్రపంచాన్ని ఎవరు చేశారన్నది వెనక్కి వెళ్లి, ఆ నమ్మకం మనుషుల్ని ఏం చేస్తోందన్నది ముందుకొచ్చింది.

1934 జనవరి 15న బీహార్ భూకంపం వచ్చినప్పుడు గాంధీ, అది అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు. ఠాగూర్ ఒప్పుకోలేదు. ప్రకృతి ఉత్పాతాలకి పాపపుణ్యాలు అంటగడితే, ఆ వాదన మీకన్నా మీ ప్రత్యర్థులకే బాగా పనికొస్తుంది అన్నారు. ఆ ఉత్తరాన్ని గాంధీ తన హరిజన్ పత్రికలోనే అచ్చువేశారు.

తెలుగు నేల మీద ఈ మలుపు పేరు గోరా. గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టారు, వృక్షశాస్త్రం మాస్టారు. నాస్తికత్వం వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతితో కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకి మారింది. ఆయన తర్కంతో దేవుణ్ణి ఓడించే పని పెద్దగా పెట్టుకోలేదు. ఆయన గొడవంతా, దేవుడి మీద భారం వేసే మనిషి తన బాధ్యత తను తీసుకోడని. 1944లో సేవాగ్రామ్ ఆశ్రమానికి వెళ్లి ఇదే గాంధీకి చెప్పారు. అప్పటికే "దేవుడే సత్యం" అన్న మాటని "సత్యమే దేవుడు" అని తిరగేసుకున్న గాంధీ, నా ఆస్తికత్వం సరైనదని గానీ మీ నాస్తికత్వం తప్పని గానీ నేను చెప్పలేను అన్నారు. గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి తలపెడితే గాంధీ సేవాగ్రామ్‌లోనే జరిపిద్దామన్నారు, పెళ్లి తంతులో దేవుడు అన్న చోట సత్యం అని మార్చడానికి కూడా ఒప్పుకున్నారు. 1948 మార్చిలో అక్కడే పెళ్లి జరిగింది, అప్పటికి గాంధీ లేరు.

మరుసటి ఏడాది ఇదే గొడవ రాజ్యాంగ సభలో పడింది. 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్, పీఠిక "దేవుడి పేరిట" అని మొదలవ్వాలని సవరణ తెచ్చారు. అస్సాం సభ్యుడు రోహిణీ కుమార్ చౌధురి, దేవుడేనా, దేవత ఎందుకు కాదు అని అడిగారు. నమ్మకాన్ని ఎవరి మీదా రుద్దకూడదని ఇంకొందరు అడ్డుపడ్డారు. ఓటింగు పెడితే అనుకూలం 41, వ్యతిరేకం 68. ఆ 68 మందీ నాస్తికులని ఎవరూ అనుకోలేదు.

ఇదంతా పెదనాన్నకి ఫోన్లో చెప్పాను, ధర్మకీర్తి పుట్ట సంగతి మరీ వివరంగా. ఆయన అంతా విని "సరేలే" అని పెట్టేశారు. రెండు రోజులాగి పొద్దున్నే ఆయనే ఫోన్ చేశారు.

"ఒరేయ్, పుట్టని చెదపురుగులు కడతాయి కదరా. మరి చెదపురుగుల్ని ఎవరు చేశారు?"