భుజం నొప్పికి కొలిచిన బరువు

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ వచ్చిందంటే హమాలీలకు తీరిక ఉండదు. బస్తాను వీపున వేసుకుని నడవడం ఒక ఎత్తు, దాన్ని తల పైకి లేపి వరుస మీద వరుస పేర్చడం మరో ఎత్తు. భుజాన్ని కుంగదీసేది ఈ రెండో పనే. నొప్పి మొదలైతే ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే: "చెయ్యి కదపకు, బరువు ముట్టకు." మొదటి కొద్ది రోజులకు ఆ మాట సరైనదే. నెలల తరబడి పాటిస్తే మాత్రం కండరం క్షీణించి, చిన్న పనికి కూడా భుజం నొస్తుంది.

భుజం కీలు మహా చంచలం. గరిటె మీద నిమ్మకాయ నిలిచినట్టు, లోతులేని గుంటలో దండ ఎముక గుండు ఆనుకుని ఉంటుంది. దాన్ని నడిమధ్యన పట్టి ఉంచేవి 4 చిన్న కండరాలు. వీటినే రొటేటర్ కఫ్ అంటారు. పైనున్న పెద్ద కండరం చెయ్యి ఎత్తుతుంటే గుండు పైకి జారకుండా ఇవే ఆపుతాయి. ఇవి, వీటిని ఎముకకు కలిపే టెండన్లు అలసిపోయినప్పుడే చాలామందికి నొప్పి వస్తుంది.

ఈ నొప్పికి భుజం పైనున్న ఎముక టెండన్‌ను ఒరుసుకోవడమే కారణమని అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ 1972లో వివరించారు. ఆ ఎముకను కొంత చెక్కే ఆపరేషన్ దశాబ్దాల పాటు సాగింది. బ్రిటన్‌లో 300 మందికి పైగా రోగులతో చేసిన పరిశోధన 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి ఎముక చెక్కారు, కొందరికి కెమెరా గొట్టం దూర్చి లోపల చూసి ఊరుకున్నారు. ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు! ఎముక చెక్కినా చెక్కకపోయినా ఒకటే అయినప్పుడు, కండరాలకు కొలిచిన బరువుతో ఇచ్చే వ్యాయామం విలువ పెరిగిందని నా అభిప్రాయం.

రోజంతా బస్తాలు మోసేవాడికి మళ్లీ బరువుల వ్యాయామం ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బస్తా బరువును నిర్ణయించేది సరుకు, టెండన్ ఓపిక కాదు. సీజన్‌లో కోలుకునే వ్యవధీ ఉండదు. వ్యాయామంలో భుజం ఓర్చుకునే చోటు నుంచి మొదలుపెట్టి, విరామం ఇస్తూ బరువు పెంచుతారు. టెండన్‌లోని కణాలు భారానికి స్పందిస్తాయి, కాకపోతే చాలా నెమ్మదిగా. అందుకే 12 వారాలైనా ఓపిక పట్టమంటారు.

ఒక వ్యాయామం చూడండి. రబ్బరు బ్యాండును కిటికీ ఊచకు కట్టి, దానికి పక్కగా నిలబడాలి. నొప్పి ఉన్న చెయ్యి కిటికీకి అవతలి వైపు ఉండాలి. మోచేతిని మడిచి, దానికీ పక్కటెముకలకూ మధ్య మడతపెట్టిన తువ్వాలు ఉంచాలి. తువ్వాలు జారకుండా ముంజేతిని బయటికి లాగి, అంతకంటే నెమ్మదిగా వెనక్కి రానివ్వాలి. పదిసార్లు చేస్తే చివరి రెండూ కష్టంగా అనిపించాలి. అలా అనిపించకపోతే బ్యాండు పలచనిదని అర్థం. చేస్తున్నప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాటికీ తగ్గకపోతే భారం తగ్గించాలి. తల పైకి ఎత్తే పని అన్నిటికంటే చివర మొదలుపెట్టాలి, ఆ వెసులుబాటు తోటివాళ్లు ఇవ్వాలి.

అన్ని నొప్పులకూ ఇది పనికిరాదు. పక్కవాళ్లు ఎత్తినా చెయ్యి లేవడం లేదంటే భుజం బిగుసుకుపోయి ఉండవచ్చు. షుగర్ ఉన్నవారిలో ఇది ఎక్కువ, దీని చికిత్స వేరు. కింద పడిన తరువాత చెయ్యి లేవకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఛాతీ బరువెక్కి, చెమటలు పడుతూ ఎడమ భుజం లాగుతుంటే వెంటనే 108కు ఫోన్ చేయాలి.